పాత పికప్పు బండి రేకులకు పట్టిన తుప్పును తొలగించు విధానము

వ్యవసాయశాఖలో పనిచేయు వానికి మోటారు బండి తుప్పుతో పనియేమి అని మీరు అడుగవచ్చును. ఎరువుల మోతాదులను గూర్చియు, పురుగుమందులను గూర్చియు వ్రాయవలసిన చోట రేకుల సంగతి ఎందుకని గ్రామాధికారులు కూడ అనుకొనవచ్చును. కాని పూర్వము ఎడ్లబండి చేసిన పనిలో పెద్దభాగమును నేడు మన పల్లెలలో చిన్న పికప్పు బండి చేయుచున్నది. ఎరువుల బస్తాలు తెచ్చునది అదియే, కూరగాయల గంపలు తెల్లవారకముందే మార్కెట్టునకు చేర్చునది అదియే. నాగలికి కర్రు ఎట్టిదో ఇప్పటి రైతుకు ఈ బండి అట్టిది. కర్రును గూర్చి వ్రాయవచ్చునన్నచో దీనిని గూర్చియు వ్రాయవచ్చును.

ఈ బండ్లలో చాలవరకు పట్టణములో మరియొకరు వాడి విడిచిన తరువాత రైతు చేతికి వచ్చినవి. ఇంజను బాగుగనే యుండును, రేకులను మాత్రము తుప్పు తినివేసియుండును. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును గనుక వెంటనే మరమ్మతు చేయించుకొందుము. తుప్పు పట్టిన బండి నడచుచునే యుండును గనుక ఉపేక్షించుచుందుము. ఈ ఉపేక్ష ఎంతవరకు పోవునో మా యింటనే చూచితిని.

మూడేండ్ల క్రిందట మా బాబాయి ఒక పాత పికప్పు కొనెను. కొన్ననాడు అది పెండ్లికొడుకువలె మెరిసినది. దసరాకు ముందే చక్రముల పైనున్న రేకుమీద చింతగింజంత బొబ్బలు లేచినవి. ఒక బొబ్బను స్క్రూడ్రైవరుతో పొడువగా అది లోపలికి దిగబడినది. క్రింద రేకు లేదు. చిల్లు మీద అర అంగుళము మందమున పుట్టీ మెత్తి, దానిమీద రంగు వేసి అమ్మినారు. ఇంతకంటె భయము గొలుపు సంగతి మరియొకటి. దూరప్రయాణము చేసి వచ్చినప్పుడెల్ల బాబాయికి తలనొప్పి, వాంతి వచ్చునట్లుండుట జరుగుచుండెను. ఎండదెబ్బ యనుకొన్నాము. డ్రైవరు కాళ్ల క్రింది రబ్బరు చాపను ఎత్తి చూడగా అరచేయి పట్టునంత చిల్లు కనబడినది. దాని సమీపముననే సైలెన్సరు గొట్టపు అతుకు వదులై పొగ విడుచుచున్నది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అద్దములు మూసికొని ఇంక నాలుగు గంటలు నడిపియున్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. తుప్పు అనగా అందము చెడుట మాత్రమే కాదని నాకు ఆనాడు తెలిసినది.

తుప్పు ఎట్లు పుట్టును

ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును కలిసి తగిలినపుడు తుప్పు పుట్టును. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను పుట్టదు. నీటిలో ఉప్పు కరిగియున్నచో ఈ పని మిక్కిలి వేగముగా సాగును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నోరెట్లు ఎక్కువ చోటును ఆక్రమించును. రంగు క్రింద పుట్టిన తుప్పు రంగును బొబ్బవలె పైకెత్తుటకు ఇదియే కారణము. అందుచేత పైకి కనబడు బొబ్బకంటె లోపలి నష్టము ఎప్పుడును పెద్దదే.

మన బండ్లకు ఈ బాధ పట్టణపు బండ్లకంటె ఎక్కువ. మనము మోయు సరుకే దీనికి కారణము. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనునది పొటాషియం క్లోరైడు. దాని బరువులో దాదాపు సగము క్లోరైడే. చిరిగిన బస్తానుండి ఒలికిన పొటాషు తొట్టెమూలలలో చేరి, మంచుకు చెమ్మగిల్లి, రేకును రాత్రింబవళ్లు తినుచుండును. అమ్మోనియం సల్ఫేటు తడిసినపుడు ఆమ్లగుణము కలిగియుండును. కైకలూరు, భీమవరము ప్రాంతములలో చేపలను, రొయ్యలను మోయు బండ్లకు మంచునీరు, చెరువునీరు నిత్యము తగులుచుండును. ఆ బండ్ల తొట్టెలను చూచినవారికి నేను వేరుగా చెప్పవలసినది లేదు.

మైలుతుత్తము సంగతి మీకు తెలిసినదే. బోర్డో మిశ్రమమును తయారు చేసినపుడు మెరుగు పెట్టిన కత్తిని అందులో ఒక నిముషము ముంచి చూతుము. కత్తికి ఎర్రని రాగిపూత అంటినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత కలుపుదుము. రాగి అంటినంత మేర కత్తిలోని ఇనుము కరిగినదని దాని భావము. బండిలో మైలుతుత్తపు నీరు ఒలికినప్పుడు తొట్టె రేకుకు జరుగునదియు ఇదియే.

పరీక్షించుట

ముందుగా బండిని, ముఖ్యముగా అడుగుభాగమును, నీటితో బాగుగ కడిగి ఎండబెట్టవలెను. బురద ఉన్నంతవరకు ఏదియు కనబడదు. సీట్లు, రబ్బరు చాపలు తీసివేయుడు. తలుపుల అడుగు అంచులు, చక్రముల పైకమ్మీలు, ముందు అద్దము రబ్బరు క్రింది గాడి, తొట్టె మూలలు, కాళ్ల క్రింది పళ్లెము, ఈ ఐదు చోట్లను తప్పక చూడవలెను. తలుపు అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రములు ఉండును. అవి మట్టితో పూడినచో అద్దము ప్రక్కగా దిగిన వాననీరు తలుపులోనే నిలిచి లోపలినుండి తినుకొని వచ్చును. పైకి కనబడునప్పటికి ఆ అంచు పోయినదనియే లెక్క.

చేతిలో ఒక చిన్న అయస్కాంతము ఉండుట మంచిది. మందముగా పుట్టీ మెత్తినచోట అది అంటదు. పాత బండి కొనబోవు రైతు సోదరులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నను చాలును. అనుమానము గల చోట చిన్న సుత్తితో తట్టుడు. మంచి రేకు ఖంగుమనును, తుప్పు తిన్నది చప్పగా పలుకును. చెడిన చోట్లనెల్ల సుద్దతో గీత గీయుడు.

తుప్పు మూడు విధములు. గోధుమరంగు పొడి మాత్రము పేరుకొన్నది మొదటిది. రేకు పొరలుగా లేచి, గీకినపుడు గుంటలు పడి కనబడునది రెండవది. స్క్రూడ్రైవరు దిగబడునది మూడవది. మొదటి రెండింటిని శుభ్రము చేయవచ్చును. మూడవదానిని కోసివేయుట తప్ప వేరు మార్గము లేదు. బండి రేకుల మందము సాధారణముగా ఒక మిల్లీమీటరునకు అటునిటుగా ఉండును. అందులో సగము పోయిన తరువాత దానిమీద ఏ మందు పూసినను బలము రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను వ్రాయునది పైరేకులకు మాత్రమే వర్తించును. బండికి వెన్నెముక వంటి ఛాసిస్ దూలమునకు పొరలుగా తుప్పు పట్టినచో దానిని ఇంటివద్ద ముట్టుకొనరాదు. అనుభవము గల వర్క్‌షాపులో చూపవలెను. ఛాసిస్ మీద అచ్చుకొట్టిన నంబరు ఉన్నచోట గ్రైండరు తగులనీయరాదు. ఆ నంబరు చెరిగినచో తనిఖీలోను, బండి అమ్మునప్పుడును మీకు తీరని చిక్కు వచ్చును. పని మొదలుపెట్టకముందే ఆ చోట మందపు టేపు అంటించుడు.

తుప్పును వదలగొట్టుట

పెద్ద రేకులమీద చేతి బలమును, గరుకు కాగితమును మించినది లేదు. గ్రైండరుకు తీగె బ్రష్షు తగిలించి పొరలను లేపుడు. పిదప 80 నంబరు, తరువాత 120, చివర 180 నంబరు గరుకు కాగితముతో రుద్దుడు. తుప్పు కనబడిన మేర మాత్రమే గాక దాని చుట్టును రెండంగుళముల వరకు రంగు తీసివేసి, మెరయు ఇనుము కనబడువరకు పోవలెను. రాతి చక్రమును ఒకే చోట నొక్కి పట్టినచో రేకు వేడెక్కి వంకరపోవును, పలుచబడును కూడ. గ్రైండరు తీగెలు తెగి బాణములవలె ఎగురును. కంటి అద్దములు లేకుండ ఎవ్వరును ఈ పని చేయరాదు. చాల పాతబండ్ల రంగులో సీసము ఉండవచ్చును గనుక ముక్కుకు మాస్కు కట్టుకొని, వీలైనచోట నీటితో తడిపి రుద్దుచు, పిల్లలను దూరముగ నుంచవలెను.

గుంటలలో దిగిన తుప్పు గరుకు కాగితమునకు అందదు. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లము గల తుప్పుమందు మంచిది. డబ్బామీద వ్రాసిన ప్రకారము చేతితొడుగులు ధరించి పూసి, చెప్పిన సమయమునకు కడిగి ఆరబెట్టవలెను. ఆమ్లమును పలుచన చేయవలసివచ్చినచో నీటిలో ఆమ్లమును పోయవలెను గాని ఆమ్లములో నీటిని ఎన్నడును పోయరాదు.

స్నానపుగదులు కడుగు ఆసిడ్ చవుకగా దొరకును గదా యని కొందరు దానిని పోయుచున్నారు. ఆ కొందరిలో నేనును ఒకడను. బాబాయి బండికి మొదటిసారి నేను చేసినది ఆ పనియే. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. తుప్పు క్షణములో పొంగి పోయినది, రేకు వెండివలె మెరిసినది. గొట్టముతో కడిగి, రేపు రంగు వేయవచ్చునని ప్రొద్దుగూకగనే ఇంటికి పోతిని. తెల్లవారునప్పటికి రేకంతయు పసుపు పూసినట్లు క్రొత్త తుప్పు. పైపైన రుద్ది రంగు వేసితిని. అతుకుల సందులలో మిగిలిన క్లోరైడు ఆ వానకాలములోనే తన పని తాను చేసినది. "ఒరేయ్ అబ్బాయ్, బీయస్సీ చదివింది దీనికేనట్రా?" అని బాబాయి అడిగెను. పొటాషు ఒలికినచో రేకు చెడునని ఊరివారికి చెప్పు నేనే దానికంటె ఘాటైన క్లోరైడును చేతులార పోసితిని.

విడదీయగల చిన్న భాగములకు, అనగా తలుపు కీళ్లు, గడియలు, బ్రాకెట్లు మొదలగువానికి, సులభమైన పద్ధతి ఒకటి కలదు. పశువుల దాణాలో కలుపు మొలాసిస్ ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు ప్లాస్టిక్ తొట్టిలో కలిపి వస్తువులను పూర్తిగా మునుగునట్లు ఉంచవలెను. వారము మొదలు రెండు వారములలో తుప్పు మెత్తబడి బ్రష్షుకు ఊడివచ్చును. మంచి ఇనుమునకు చెప్పుకోదగిన హాని లేదు. వాసన మాత్రము దుస్సహము. ఈగలు ముసురును గనుక ఇంటికి దూరముగ, మూతపెట్టి యుంచుడు. అల్యూమినియము, జింకుపూత గల వస్తువులను అందులో వేయరాదు.

తొందర గలవారు చాకలిసోడా, బ్యాటరీ చార్జరు సాయముతో కూడ తుప్పు తీయుదురు. ప్లాస్టిక్ డ్రమ్ములో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచాడు సోడా వంతున కలిపి, తుప్పు వస్తువునకు చార్జరు ఋణతీగను, ప్రక్కన తగులకుండ వ్రేలాడదీసిన పాత ఇనుపముక్కకు ధనతీగను తగిలింపవలెను. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది కారాదు, దానినుండి విషపూరితమైన క్రోమియము నీటిలోనికి వచ్చును. సోడాకు బదులు ఉప్పు వేయరాదు. ఈ పనిలో హైడ్రోజను వాయువు పుట్టును గనుక ఆరుబయట చేయవలెను. దగ్గర బీడీ వెలిగింపరాదు. చార్జరు ఆపకుండ నీటిలో చేయి పెట్టరాదు.

కరక్కాయ సంగతి

దుకాణములలో తుప్పును నల్లగా మార్చు మందులు అమ్ముచున్నారు. వానిలో చాలవాటియందు టానిక్ ఆమ్లము ఉండును. ఇది తుప్పుతో కలిసి గట్టి నల్లని పొరగా మారును. మనకిది క్రొత్తవిద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టుదురు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నివారములు నానబెట్టి, ఆ నీటితో గుడ్డమీద గీత గీయగనే అది నల్లబడును. కరక్కాయలోని టానిన్, నీటిలోని ఇనుము కలియుటవలన వచ్చిన నలుపు అది. బెల్లపునీరు తుప్పును కరిగించుట పైని మొలాసిస్ పద్ధతికి దగ్గరి చుట్టమే.

అయినను ఇంటిలో కరక్కాయ కషాయము కాచి బండికి పూయుడని నేను చెప్పుట లేదు. బ్రష్షు చొరని మూలలలో, తలుపు లోపలి అంచులలో మిగిలిన పలుచని తుప్పుకు దుకాణపు మందునే వాడుడు. పొరలుగా లేచిన తుప్పుమీద అది పైపొరను మాత్రమే నల్లచేయును. క్రిందిది బ్రతికియే యుండును.

అతుకు వేయుట

చిల్లుపడినచోట చుట్టును కనీసము ఒక అంగుళము మంచి రేకు వచ్చువరకు కోసివేయవలెను. అదే మందము గల సి.ఆర్. షీటు ముక్కతో అతుకు వేయించుడు. జింకుపూత రేకు వెల్డింగు చేయునపుడు లేచు పొగను పీల్చినచో చలిజ్వరము వచ్చును. ఒక ప్రక్కనుండి వరుసగా కాల్చుకొనిపోయినచో రేకు ముడతలు పడును. ఎదురెదురుగా చుక్కలు పెట్టుచు, మధ్య మధ్య చల్లారనిచ్చుచు పోవలెను. మంచి టింకరింగు పనివానికి ఇది తెలియును. తొందరపెట్టకుండుటయే మనము చేయగల సాయము.

అతుకును ఇంటికప్పు పెంకులవలె వేయవలెను. పైరేకు అంచు క్రిందిరేకు మీదికి వచ్చినచో నీరు జారిపోవును. తిరగబడినచో ఆ సందే నీటికుండ యగును.

వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీయవలెను. ఇంధనపు ట్యాంకు దగ్గర పనియున్నచో ట్యాంకును విప్పి దూరముగా పెట్టవలెను. ఖాళీ చేసితిమి గదా యని ధైర్యపడరాదు. నిండిన ట్యాంకుకంటె ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదము. ఇక డ్రైవరు కాళ్ల క్రింది చిల్లును మూయించినంతమాత్రమున పని తీరదు. సైలెన్సరు అతుకును కూడ అదే రోజున బాగుచేయింపవలెను.

రంగు వేయుట

శుభ్రము చేసిన రేకును ఆ రాత్రికి ఉత్తగా విడువరాదు. అదే పగటిలో ప్రైమరు పడవలెను. అందుచేత ఒక దినములో ముగించగలిగిన మేరకే రంగు గీకుడు. బండినంతటిని ఒక్కసారి గీకి కూర్చున్నచో, మధ్యలో మబ్బుపట్టినచో, చేసిన శ్రమ వృథాయగును.

సంక్రాంతి మొదలు మార్చి నెలాఖరువరకు ఈ పనికి అనువైన కాలము. ఉదయము పది గంటల తరువాత, మంచుతడి పూర్తిగా ఆరినపుడు మొదలుపెట్టుడు. మేనెల ఎండలో రేకు చేయి పెట్టలేనంత కాలును. దానిమీద వేసిన రంగు సరిగా అంటకముందే ఆరిపోవును. రేకును థిన్నరు గుడ్డతో తుడిచి, పిదప చేతితో తాకకుండ, రెడ్ ఆక్సైడు గాని, జింకు ఫాస్ఫేటు ప్రైమరు గాని పలుచగా రెండు పూతలు వేయవలెను. ఖర్చు భరింపగలవారు రెండు డబ్బాలు కలిపి వాడు ఎపాక్సీ ప్రైమరు వేయించుట మేలు. అది కలిపిన కొన్నిగంటలలో గట్టిపడును గనుక కావలసినంతే కలుపవలెను.

ప్రైమరు వేసితిమి, పైరంగు పంట డబ్బులు వచ్చిన తరువాత చూతమని చాలమంది ఆగుచున్నారు. సాధారణపు రెడ్ ఆక్సైడు నీటిని పూర్తిగా ఆపలేదు. ఎర్రగానున్నందున క్రింద పుట్టిన తుప్పు కనబడదు కూడ. అది ఆరగనే పైరంగు పడవలెను. సాధారణపు ఎనామెల్ రంగుమీద డ్యూకో రంగు వేసినచో దాని ఘాటైన థిన్నరుకు క్రిందిపొర ముడతలు పడి లేచును. ప్రైమరు, పైరంగు ఒకదానికొకటి సరిపడునవేనా యని అంగడివానిని అడిగి తీసికొనుడు. బండిరంగు మార్చదలచినవారు రవాణా కార్యాలయమున ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించుకొనవలెను.

పుట్టీని గూర్చి రెండు మాటలు. అది సొట్టలను సమము చేయుటకేగాని చిల్లులు పూడ్చుటకు కాదు. శుభ్రమైన రేకుమీద రెండు మూడు మిల్లీమీటర్లకు మించనీయరాదు. అది నీటిని పీల్చును గనుక రంగు వేయకుండ వదలరాదు.

తరువాతి జాగ్రత్త

ఎరువు తెచ్చిన ప్రతిసారి తొట్టెను ఊడ్చి, ముఖ్యముగా మూలలను, నీటితో కడుగవలెను. పొటాషు తెచ్చినచో ఆ రోజే కడుగుడు. బస్తాల క్రింద టార్పాలిను పరచుట మంచిదేగాని దానిని రాత్రింబవళ్లు అట్లే ఉంచినచో క్రింద చెమ్మ నిలిచి మేలుకు బదులు కీడగును. పని కాగానే ఎత్తి ఆరబెట్టవలెను. కాల్చిన ఇంజనాయిలు అడుగున పూయుట మన ప్రాంతములలో అలవాటు. అందులో ఇంజనునుండి వచ్చిన ఆమ్లములు ఉండును, బొట్లు బొట్లుగా చేనులోను, కాలువలోను పడును. దానికి బదులు తలుపుల లోపలను, పెట్టెవలె మూసియున్న భాగములలోను మైనపు పూత పిచికారి చేయించుడు. పూత రంధ్రములలో గడ్డకట్టకుండ చూచుకొనవలెను.

బాబాయి బండిని మరుసటి సంక్రాంతి తరువాత మేమిద్దరము మరల మొదటినుండి చేసితిమి. రోజుకొక రేకు వంతున పదునెనిమిది దినములు పట్టినది. అతుకులు టింకరింగు పనివాడు వేసెను, తక్కినదంతయు మా చేతిపనియే. అప్పటినుండి రెండు వానకాలములు గడచినవి. ఎడమతలుపు అడుగున ఒక్కచోట మరల బొబ్బ లేచినది, దానిని గీకి మరల చేసితిమి. బాబాయికి తలనొప్పి లేదు. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దీపావళి వెళ్లిన తరువాత ఒకసారి తలుపు రంధ్రములలో ఆయన ఇనుపతీగ దూర్చి మట్టి తీయుచున్నాడు. ఆ తీగ స్టీరింగు ప్రక్కన మేకుకు ఎప్పుడును వ్రేలాడుచుండును.